రహీముగారి బంతియాట

బడి విడిచినది మొదలు చీకటిపడువరకు బంతి వెంట పరుగులిడు మగపిల్లలను చూచి విసుగుకొనని తల్లి యుండదు. చిరిగిన చొక్కాలు కుట్టుటయు, మోకాళ్ల గాయములకు పసుపద్దుటయు మన పనులే గదా! అయినను ఆ యాట హైదరాబాదునకు తెచ్చిన కీర్తిని సోదరీమణులు తెలిసికొనదగును.

సయ్యద్ అబ్దుల్ రహీముగారు బడిలో ఉపాధ్యాయులు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులోను, సిటీ కాలేజీ విద్యార్థుల జట్టులోను ఆడినవారు. 1950లో వారు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేడే ఆ జట్టు బొంబాయిలో రోవర్సు కప్పును, ఢిల్లీలో కలకత్తా మోహన్‌బగాన్ వారి నోడించి డ్యూరాండు కప్పును గెలిచెను. రోవర్సు కప్పు 1954 వరకు, వరుసగా అయిదేండ్లు, మరియొకరి చేతికి పోలేదు.

ఇది కండబలము చేతనే కలిగినది కాదు. బంతిని కాళ్లయొద్దనే త్రిప్పుచు వేడుక చూపుట రహీముగారికి గిట్టదు. వచ్చిన బంతిని వెంటనే తోడివాని కందింపవలెను. వాటము లేని కాలితోనే తన్నవలెనను నియమముతో వారు పోటీలు నడపిరి. ఎడమచేత ముగ్గు పెట్టుట యెంత కష్టమో యూహింపుడు!

సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడ బాలుడు తులసీదాసు బలరాం వారి కంటబడెను. బీదయిల్లు, బూట్లు కొను శక్తి లేదు. పోలీసుల పాతబూట్ల తోలుతో, రెండు రూపాయలకు, చెప్పులు కుట్టువానిచే బూట్లు చేయించుకొనెను. బీదయింట రెండు రూపాయలన్న నెంతో గృహిణులకు చెప్పనక్కరలేదు. నిత్యము నగరమునకు వచ్చుటకు అద్దెసైకిలు కగు సొమ్ము రహీముగారే సమకూర్చిరి. 1956, 1957 సంవత్సరములలో బొంబాయి నోడించి సంతోష్ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు జట్టులో బలరాం ఆడెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో రహీముగారి శిక్షణతో మన దేశము నాలుగవ స్థానము నందెను. ఆ జట్టులోను అమ్ముగూడ బాలుడుండెను.

1962లో జకార్తాకు పోవునాటికే రహీముగారిని పుట్టకురుపు పట్టియుండెను. ప్రేక్షకులు మనవారిని గేలిచేయుచుండిరి. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి, ఆసియా క్రీడలలో స్వర్ణపతకము తెచ్చిరి.

1963 జూన్‌లో రహీముగారు కన్నుమూసిరి. ఆ యేడే బలరాం ఊపిరితిత్తుల జబ్బుచే ఆట విడిచెను. అప్పటికాతనికి ముప్పదియేండ్లయినను నిండలేదు. తుదివరకు బంగాళమునందే నిలిచి, 2023 ఫిబ్రవరిలో కాలము చేసెను.