వ్యోమగత శబ్దము - అర్థరక్షణము

వాఙ్మయమును చిరకాలము నిలుపవలెనను కోరిక మనుష్యునకు సహజము. శిల, తామ్రపత్రము, తాటియాకు, కాగితము - ఇవి యన్నియు నా కోరికకు సాధనములు. 1977వ సంవత్సరమున వీనితో నింకొకటి చేరినది. ఆ యేట ఆగస్టు 20వ తేదిని వాయేజర్-2, సెప్టెంబరు 5వ తేదిని వాయేజర్-1 అను వ్యోమనౌకలు అమెరికానుండి గగనమున కెగసినవి. ఒక్కొక్కదానికి బంగారుపూత గల రాగి ధ్వనిఫలక మొకటి బిగింపబడినది. అందేమేమి యుండవలెనో నిర్ణయించిన సంఘమునకు కార్ల్ సేగన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు అధ్యక్షుడు.

ఆ ఫలకమున 55 భాషల స్వస్తివచనములు, 115 చిత్రములు, ఇంచుమించు 90 నిమిషముల సంగీతము గలవు. ఆ భాషలలో తెలుగు గూడ నున్నది. సంగీతమున కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవీరాగగీత మొకటి గలదు. ఆ విదుషీమణి వాయేజర్-1 బయలుదేరిన సెప్టెంబరు నెలయందే పరమపదించెను. ఆమె కంఠస్వరమును మోయుచు వాయేజర్-1 2012వ సంవత్సరమున, వాయేజర్-2 2018వ సంవత్సరమున నక్షత్రముల నడిమి యాకాశమును జొచ్చినవి.

ఫలకమును మ్రోగించు విధానము దాని కవచముపై రేఖాచిత్రములతో చూపబడినది. ఉదజని పరమాణువు ధర్మమునుబట్టి కాలమానమును, పల్సరులనబడు 14 నక్షత్రములనుబట్టి సూర్యుని స్థానమును సూచింపబడినవి. భౌతికశాస్త్ర మెఱిగినవా డెవ్వడైనను వీనిని గ్రహించి ధ్వనిని మరల పుట్టింపవచ్చును. అయితే పుట్టిన ధ్వని కర్థమును చెప్పువా రెవరు?

శబ్దార్థజ్ఞానము వృద్ధవ్యవహారమువలన గలుగునని శాస్త్రకారుల మతము. పెద్దవాడొకడు ఆవును దెమ్మనగా వేఱొకడు తెచ్చును. పిదప ఆవును గట్టుమనియు గుఱ్ఱమును దెమ్మనియు జెప్పగా వాడట్లే చేయును. చెంతనున్న బాలుడు దీనిని పలుమాఱులు గమనించి, యే పదమున కేది యర్థమో విడదీసి తెలిసికొనును. దూరాకాశమున ఫలకమును విను ప్రాణికి వృద్ధుడును లేడు, ఎదుట ఆవును లేదు.

ఫలకమునందలి భాషలలో సుమేరియను, అక్కాడియను అనునవి ప్రాచీనములు. నేడు వానిని మాటలాడువారు లేరు. అయినను సుమేరియను పదముల యర్థము నేటికి దెలియుచున్నది. ప్రాచీనలేఖకులు మట్టిపలకలపై ఆ పదముల ప్రక్కన అక్కాడియను పదములు వ్రాసియుంచుట యిందుకు ముఖ్యకారణము. ధ్వనిఫలకమున నట్టి యమరిక లేదు. వక్తలకు ఒకే వాక్యము నియమింపబడలేదు. ఎవరికి తోచిన స్వస్తి వారు పలికిరి. కావున ఒక భాష వేఱొకదానికి వ్యాఖ్యానము కాజాలదు.

2024వ సంవత్సరము అక్టోబరు 14వ తేదిని బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌకయం దీ కొఱత కొంత తీర్పబడినది. గురుగ్రహమును 2030లో చేరవలసిన యీ నౌకలో టాంటలమ్ అను లోహపుపలక గలదు. దాని యొకవైపున ఆడా లిమోన్ అను కవయిత్రి పద్యము ఆమె చేవ్రాతతోనే చెక్కబడినది. రెండవవైపున 'నీరు' అను నొక్క యర్థము గల పదముల ధ్వనిరేఖలు 103 భాషలవి గలవు. అర్థ మొక్కటిగా నుండుట మేలైన మార్గము. కాని పద్యమును చదివి చెప్పు గురువు అచ్చటను లేడు.

ఇందుకు విపర్యయమైన యుదాహరణము తిరుమలయందు గలదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తామ్రపత్రములపై చెక్కబడి భాండారమున భద్రపఱుపబడినవి. పాటలకు రాగనామములు గలవు. పాడవలసిన స్వరక్రమము లేదు. ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని పరిష్కరించి ప్రకటింపగా సాహిత్యము లభించెను, పూర్వపు మట్టు లభింపలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారు పెక్కు పాటలకు క్రొత్తగా స్వరములు గూర్చిరి. ఇచ్చట అక్షరము నిలిచి నాదము పోయినది. వాయేజరునందు నాదము నిలిచినను అర్థము నిలుచునన్న నమ్మకము లేదు.

కావున తెలుగు వాఙ్మయమును భద్రపఱుచువారు మూలపాఠమును, పఠనధ్వనిని, ప్రతిపదార్థమును ఒకచోట జేర్పవలెను. లోహము మూటిని మోయగలదు గాని బోధింపలేదు. బోధకు శిష్యపరంపర కావలెను. వాయేజర్-1 ఇంకొక నక్షత్రమునకు కొంత చేరువగా పోవుటకు సుమారు 40,000 సంవత్సరములు పట్టును. అంతవఱకు దానిలోని తెలుగుపలుకున కర్థము చెప్పగలవారు భూమిమీది తెలుగువారే. ఆ శక్తి నిలుచుట పాఠశాలలలో పద్యమును చదివించి యర్థము చెప్పించుటపై నాధారపడియున్నది.