స్థూలకాయం - చికిత్సా మార్గాలు

తిరువళ్లూరు జిల్లాలో, పూండి జలాశయానికి దిగువన, కొసస్థలై నది ఒడ్డున తామరైపాక్కం గ్రామం ఉన్నది. అక్కడి ఆనకట్ట నదీజలాన్ని షోళవరం చెరువు వైపు మళ్లిస్తుంది. ఆ నీరే చెన్నై నగరపు దాహం తీర్చడానికి పోతుంది. 1944లో కట్టిన పూండి జలాశయంలో నీటిమట్టాన్ని రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి వచ్చే నీరు, రెండవది పోయే నీరు. వచ్చేది ఎక్కువై పోయేది తక్కువైతే మట్టం పెరుగుతుంది. మన శరీరంలోని కొవ్వు నిల్వ కూడ ఇటువంటిదేనని చాలాకాలం భావించారు. తిన్నదానిలో ఖర్చు కాగా మిగిలినది కొవ్వుగా నిలుస్తుందన్నారు. ఇది సత్యమే గాని సగం సత్యం. మిగిలిన సగం తెలియకపోవడం వలననే లావుగా ఉన్నవారిని లోకం తిండిపోతులని, సోమరులని నిందిస్తూ వచ్చినది.

మన పల్లెలలో 'పిల్ల కాస్త ఒళ్లు చేసింది' అంటే అది మెప్పు. జ్వరం తగ్గి కోలుకున్నదనో, అత్తవారింట సుఖంగా ఉన్నదనో దాని అర్థం. కరవులు చూసిన జనం పలుకుబడి అది. ఆకలితో బడికి వచ్చే పిల్లల కోసం 1982లో తమిళనాడు ప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకాన్ని విస్తరింపజేసినది. అటువంటి రాష్ట్రంలోనే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 40 మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలినది. 2015-16 సర్వేలో వీరు నూటికి 31 మంది మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 36. నాలుగైదేళ్లలో ఒక రాష్ట్రపు స్త్రీలందరు ఒక్కసారిగా సోమరులైపోరు గదా! మారినది వారి చుట్టూ ఉన్న జీవనం. నాట్లు, కోతలు యంత్రాలకు పోయినవి. సంగటి ముద్ద తగ్గి తెల్లబియ్యం పెరిగినది. కూట్ రోడ్డు మీద సాయంత్రమయ్యేసరికి పరోటా, బజ్జీలు, తియ్యని టీ చేతికి అందుతున్నవి. పని కంపెనీ బస్సులో పోయి, కూర్చుండి చేసేదైనది.

లావు ఎంత అయితే రోగం? దీనికి ఒక కొలత ఉన్నది. బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను తీసుకొని, బరువును ఎత్తు యొక్క వర్గంతో భాగించాలి. 1 మీటరు 60 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గల వ్యక్తికి ఈ సూచిక 25 వస్తుంది. బెల్జియం దేశపు గణితవేత్త కెట్లే 19వ శతాబ్దంలో దీనిని కనుగొన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు అని, 30 దాటితే స్థూలకాయం అని నిర్ణయించినది. అయితే భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బు వస్తున్నవి. అందుచేత మన వైద్యులు 2009లో ఆ హద్దులను 23కు, 25కు దించారు. మనవారికి కొవ్వు ముఖ్యంగా పొట్ట లోపల చేరుతుంది. కావున నడుము కొలత కూడ చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు తాము లావు కామని అనుకోవడం మనం చూస్తూనే ఉన్నాము.

ఇప్పుడు ఆ మిగిలిన సగం సత్యాన్ని చూద్దాము. పూండి జలాశయంలో నీరు తగ్గితే దాని తలుపులు వాటంతట అవి మూసుకోవు. మన శరీరం మాత్రం అట్లు చేస్తుంది. ఎవరైనా పట్టుదలతో కడుపు మాడ్చుకొని పది కిలోలు తగ్గారనుకొందాం. మెదడు దానిని కరవుగా భావిస్తుంది. ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. కొవ్వు కణాలే లెప్టిన్ అనే హార్మోనును పుట్టించి, నిల్వ ఎంత ఉన్నదో మెదడుకు తెలుపుతుంటాయని 1994లో కనుగొన్నారు. కొవ్వు కరిగితే ఆ కబురు బలహీనమవుతుంది, ఆకలి హెచ్చుతుంది. ఉపవాసాలతో తగ్గినవారు ఏడాది తిరిగేలోగా మళ్లీ లావు కావడానికి ఇది ముఖ్యకారణం. కావున స్థూలకాయానికి చికిత్స నెల రోజుల వ్రతం కాదు. రక్తపోటు వలెనే ఇది ఏళ్ల తరబడి కనిపెట్టి చూసుకోవలసిన స్థితి.

చికిత్సలో మొదటి మెట్టు ఆహారం, వ్యాయామం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనకు కావలసిన శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిసి నూటికి 45 పాళ్లకు మించరాదు. మన కంచాలలో అన్నమే ఎక్కువ పాలు ఆక్రమించుకొన్నది. అన్నం పూర్తిగా మానవలసిన పని లేదు. రెండవసారి వడ్డించుకొనే అన్నం స్థానంలో పప్పు, ఆకుకూర, కాయగూర, మజ్జిగ, తినేవారైతే గ్రుడ్డు, చేప చేరాలి. రాగి మంచిదే గాని, సంగటి కూడ ముద్దల లెక్కన తింటే పిండిపదార్థమే అని మరువరాదు. ఇక నడక. అరగంట వేగంగా నడిస్తే సుమారు 120 నుండి 150 కిలోకేలరీలు ఖర్చవుతాయి. తిరుగుదారిలో రెండు వడలు తింటే ఆ లెక్క సరిపోతుంది! కనుక నడక ఒక్కటే బరువు తగ్గించదు. మరి నడవడం దేనికి?

దీనికి జవాబు మన చెన్నైలోనే దొరికినది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని నాలుగు వర్గాలుగా చేసి మూడేళ్లు పరిశీలించినది. ఆ ఫలితాలు 2006లో వెలువడినవి. మామూలు సలహా మాత్రమే పొందిన వర్గంలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చినది. ఆహారం మార్చుకొని, రోజూ అరగంట నడిచిన వర్గంలో 39 మందికే వచ్చినది. విశేషమేమంటే, ఈ రెండవ వర్గం వారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. త్రాసు ముల్లు కదలకపోయినా, లోపల ఇన్సులిన్ పనితీరు మెరుగుపడినది. నెల రోజులు నడిచి, బరువు తగ్గలేదని మానివేసే పెద్దలకు మీరు చెప్పవలసిన విషయం ఇది. ఇక బరువులో నూటికి 5 పాళ్లు తగ్గినా, అనగా 80 కిలోల వ్యక్తి 4 కిలోలు తగ్గినా, రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి.

రెండవ మెట్టు మందులు. వీటి చరిత్ర అంత ప్రకాశవంతమైనది కాదు. గుండె కవాటాలు చెడుతున్నవని ఫెన్‌ఫ్లూరమిన్‌ను 1997లోను, గుండెపోటు భయం వలన సిబుట్రమిన్‌ను 2010లోను అమెరికాలో అమ్మకం నుండి తొలగించారు. తరువాత వచ్చినవి ప్రేగులలో సహజంగా పుట్టే ఒక హార్మోనును అనుకరించే మందులు. ఆ హార్మోను భోజనం తరువాత 'ఇక చాలు' అని మెదడుకు తెలుపుతుంది. వారానికొకసారి సూదిగా వేసుకొనే సెమాగ్లూటైడ్ పరీక్షలలో 68 వారాలకు సగటున నూటికి 15 పాళ్ల బరువు తగ్గినది. ఇదే కోవకు చెందిన టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చినది. అయితే సెమాగ్లూటైడ్ ఆపినవారు ఒక్క ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు పాళ్లు తిరిగి పెరిగారు. వికారం, వాంతులు, మలబద్ధకం కలుగవచ్చు. కొవ్వుతో పాటు కండ కూడ కరుగుతుంది. వైద్యుడు చూసి వ్రాసి ఇవ్వనిదే వీటిని ముట్టరాదు.

మూడవది శస్త్రచికిత్స. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ 1966లో జీర్ణాశయాన్ని చిన్నదిగా చేసి, చిన్నప్రేగుకు కలిపే పద్ధతిని ప్రారంభించాడు. నేడు జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం తొలగించి, గొట్టం వలె మిగిల్చే పద్ధతి విరివిగా ఉన్నది. దీనివలన తిండి తగ్గడమే గాక, ఆకలి పుట్టించే హార్మోను కూడ తగ్గుతుంది. తీవ్రమైన స్థూలకాయానికి ఇంతకన్న బలమైన చికిత్స లేదు. చాలామందికి మధుమేహం కూడ అదుపులోకి వస్తుంది. కాని ఇది అందరికీ కాదు. సూచిక 35 దాటినవారికి, మధుమేహం వంటి వ్యాధులు కూడ ఉంటే అంతకన్న తక్కువ సూచిక గలవారికి వైద్యులు దీనిని ఆలోచిస్తారు. తరువాత జీవితాంతం విటమినులు, ఇనుము, కాల్షియం తీసుకొంటూ పరీక్షలు చేయించుకోవాలి. ఇది అందానికి చేయించుకొనే పని కాదు.

ఈ మూడింటికి వెలుపల నాల్గవ మార్గం ఒకటి బస్సుల మీద, గోడల మీద కనిపిస్తుంది. 'పదిహేను రోజులలో పది కిలోలు' అనే పొడులు, కషాయాలు, నడుము పట్టీల ప్రకటనలది ఆ మార్గం. వీటిలో చాలావరకు నీటిని, డబ్బును తగ్గిస్తాయి గాని కొవ్వును కాదు. ఈ ఆశ చూపేవారు ప్రాచీన వైద్యం పేరు చెప్పుకొంటారు. కాని చరక సంహితే అతిస్థూలతను చికిత్సకు కష్టమైన స్థితిగా చెప్పి, సులభమైన ఉపాయం ఏదీ చూపలేదు.

ఇంటిలో పెద్దలకు ఈ సమస్య ఉన్నదనిపిస్తే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బరువు, నడుము, రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోవాలి. కొన్నిసార్లు థైరాయిడ్ లోపం గాని, వాడుతున్న మందులు గాని బరువు పెరగడానికి కారణం కావచ్చు. తమిళనాడులో 2021 ఆగస్టులో తెలుగువారు అధికంగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' పథకం ప్రారంభమైనది. ఈ పథకం కింద రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి మందులు ఇంటికే చేరుస్తారు. గడప దాటలేని అవ్వలకు, తాతలకు ఇది మేలు చేసినది.

విద్యార్థులారా! పైన చెప్పిన 23, 25, 30 అనే అంకెలు మీకు వర్తించవు. ఎదిగే వయస్సులో ఎత్తు, బరువు రెండూ మారుతుంటాయి. పద్దెనిమిదేళ్ల లోపు వారికి వయస్సును, ఆడ మగ భేదాన్ని బట్టి వేరే పట్టికలు ఉన్నవి. వాటిని వైద్యుడే చూడాలి. మీరు భోజనం మానరాదు. మానవలసినవి సీసాలలో వచ్చే తియ్యని పానీయాలు, పడుకొనే ముందు గంటల తరబడి చూసే ఫోను. ఆటల పీరియడులో లెక్కలు చేయకుండ ఆడండి. తరగతిలో లావుగా ఉన్న పిల్లవాడిని 'గుండు' అని పిలిచేవారు ప్రతి బడిలోను ఉంటారు. ఆ పిలుపుకు జడిసి ఆ పిల్లవాడు మైదానానికి రావడం మానుతాడు. మైదానానికి రాకపోతే బరువు ఇంకా పెరుగుతుంది. అతనిని జట్టులోనికి పిలవడానికి ఏ వైద్యుడి చీటీ అవసరం లేదు.