వీపీఎన్ కనెక్ట్ అయింది.. షాపు కంప్యూటర్ మాత్రం తెరుచుకోదు! ఎందుకిలా?

పాతబస్తీలో ఒక బట్టల షాపు. లెక్కలన్నీ అక్కడి కంప్యూటర్‌లోని ట్యాలీలో ఉంటాయి. రాత్రి ఇంటికొచ్చాక యజమాని ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేస్తాడు. 'కనెక్టెడ్' అని వస్తుంది, కానీ షాపు కంప్యూటర్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ కొడతాడు. చాలాసార్లు తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, దారిది. రౌటర్‌లో నాలుగు విషయాలు చూసుకోవాలి.

రెండుచోట్లా ఒకే అడ్రస్: చాలా రౌటర్లు 192.168.0 లేదా 192.168.1 వరుసతోనే వస్తాయి. ఇల్లు, షాపు రెండింట్లోనూ ఒకే వరుస ఉంటే ల్యాప్‌టాప్ షాపు కంప్యూటర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. రెండు గల్లీలకు ఒకే పేరు పెట్టినట్టన్నమాట. షాపు రౌటర్‌లో వరుసను 192.168.50గా మార్చాలి. ఫిక్స్‌డ్ అడ్రస్ ఇచ్చిన ప్రింటర్, సీసీ కెమెరాలకూ కొత్త అడ్రస్ ఇవ్వాలి.

వెళ్లే దారి: వీపీఎన్‌లో ల్యాప్‌టాప్‌కు 10.8.0.2 లాంటి వేరే అడ్రస్ వస్తుంది. 192.168.50.0/24కు వెళ్లాలంటే వీపీఎన్ గుండా పోవాలని దానికి చెప్పాలి. వైర్‌గార్డ్ అయితే ల్యాప్‌టాప్‌లోని 'అలౌడ్ ఐపీస్'లో, ఓపెన్‌వీపీఎన్ అయితే సర్వర్‌లో 'పుష్ రూట్'గా ఇది రాయాలి.

తిరిగొచ్చే దారి: వీపీఎన్ షాపు రౌటర్‌లోనే నడిస్తే ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. వేరే కంప్యూటర్‌లో నడిస్తే, 10.8.0.0/24కు వెళ్లేవన్నీ ఆ కంప్యూటర్‌కు పంపాలని రౌటర్‌లో స్టాటిక్ రూట్ పెట్టాలి. ఆ కంప్యూటర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ కూడా ఆన్‌లో ఉండాలి. స్టాటిక్ రూట్ లేకపోతే ప్రశ్న చేరుతుంది, జవాబు రాదు.

ఫైర్‌వాల్: విండోస్ ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను మామూలుగా తన వరుసలోని వాళ్లకే ఇస్తుంది. దాన్ని పూర్తిగా ఆపేయొద్దు. 10.8.0.0/24కు మాత్రమే అనుమతి ఇవ్వండి. రౌటర్ ఫైర్‌వాల్‌లోనూ అంతే.

పరీక్ష ఇలా చేయండి: ల్యాప్‌టాప్‌ను మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి, వీపీఎన్ ఆన్ చేసి, ముందు షాపు రౌటర్ 192.168.50.1ను, తర్వాత కంప్యూటర్‌ను పింగ్ చేయండి. రౌటర్ పలికి కంప్యూటర్ పలకకపోతే, లోపం తిరుగుదారిలోనో, ఆ కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనో ఉన్నట్టు.

ఇదంతా తలనొప్పి అనుకుని కొందరు వీపీఎన్ వదిలేసి, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేస్తారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది ఇలాంటి తలుపుల కోసమే. ఏళ్ల లెక్కలు ఒక్క రాత్రిలో పోవచ్చు. గంటసేపు కూర్చుని దారి సరిచేసుకోవడమే మేలు.