మీకు తెలుసా? గోడకున్న ఆ ఎర్ర మూతల వెనక ప్రాణాలున్నాయి

పెద్ద భవనాల బయటి గోడ దగ్గర, మూతలు బిగించి గొలుసులు వేలాడుతున్న రెండు మూడు గొట్టపు మూతులు కనిపిస్తుంటాయి. అవి కుళాయిలు కావు. నీళ్లు బయటికి తీసేందుకు కాదు, లోపలికి పంపేందుకు పెట్టిన ఫైర్ బ్రిగేడ్ ఇన్‌లెట్లు.

● పనేమిటి? భవనంలోని పంపు ఆగిపోయినా, ట్యాంకు ఖాళీ అయినా, ఫైరింజన్ తన పంపుతో ఇక్కడి నుంచే స్ప్రింక్లర్ గొట్టాల్లోకి నీటిని ఎక్కిస్తుంది. ఎక్కిన నీరు వెనక్కి రాకుండా లోపల ఒక వాల్వు అడ్డుకుంటుంది.

● ఎక్కడ ఉండాలి? ఫైరింజన్ ఆగే దారి వైపు, దూరం నుంచే కనిపించేలా, అడ్డం లేకుండా ఉండాలి. అమెరికా అగ్ని భద్రతా సంస్థ ఎన్ఎఫ్‌పీఏ ప్రమాణాల ప్రకారం నేల నుంచి 18 అంగుళాలకు తగ్గకూడదు, 48 అంగుళాలు దాటకూడదు. అప్పుడే సిబ్బంది మరీ కిందికి వంగకుండా, నిచ్చెన ఎక్కకుండా హోస్ బిగించగలరు.

● ఎంత ఉపయోగం? 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తున మంట రేగింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అంతస్తు తర్వాత అంతస్తును మింగిన ఆ మంట 30వ అంతస్తులో ఆగింది. అక్కడ తెరుచుకున్న 10 స్ప్రింక్లర్లకు నీరందించింది, ఇన్‌లెట్ ద్వారా కింద నుంచి పంపు చేసిన ఫైరింజన్లే.

● మన వంతు? మీ అపార్ట్‌మెంట్‌లో ఆ ఇన్‌లెట్ ఎక్కడుందో ఈరోజే చూడండి. దాని ముందు బైకు, పూలకుండీ, పాత సామాను ఉంటే వెంటనే తీయించండి. మంట రేగాక ప్రతి నిమిషమూ విలువైనదే.