సింధుదుర్గ్ జలాలలో ఒక రోజు: గాలిని, పోటును గమనించినవారికే ఆనందం

మహారాష్ట్ర దక్షిణ కొసన, అరేబియా సముద్రతీరాన మాల్వణ్ రేవులో నిలబడి చూస్తే నీటిపై తేలుతున్నదా అన్నట్లు ఒక కోట కనిపిస్తుంది. అదే సింధుదుర్గ్. కుర్టే అనే చిన్న ద్వీపంపై ఛత్రపతి శివాజీ 1664లో ప్రారంభించి 1667 నాటికి పూర్తి చేయించిన ఈ జలదుర్గం సుమారు 48 ఎకరాలలో విస్తరించి ఉన్నది. 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మరాఠా దుర్గాలలో ఇదీ ఒకటి. చుట్టూ ఉప్పునీరే అయినా పాలబావి, పెరుగుబావి, చక్కెరబావి అనే అర్థం వచ్చే పేర్లతో మూడు మంచినీటి బావులు కోటలో ఉన్నవి.

షోలాపూర్, బెళగావి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు సెలవులలో చేరుకోదగిన తీరమిది. కొంకణ్ రైలుమార్గంలో కుడాళ్ స్టేషనులో దిగి మాల్వణ్‌కు రోడ్డు మార్గాన వెళ్లవచ్చును. సెలవు దినాలలో రేవు కిటకిటలాడుతుంది. ఆ రద్దీలో పడవవారు తొందరపెట్టినా యాత్రికులు తొందరపడరాదు. 2022 మే 24న సమీపంలోని తార్కర్లీ వద్ద విహారానికి వెళ్లినవారి పడవ బోల్తాపడి ఇద్దరు మరణించారు.

ఉదయమే ఎందుకు?

ఎండ ఎక్కేకొద్దీ నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కుతుంది. నేలపైని వేడిగాలి పైకి లేవగా, ఆ స్థానంలోకి సముద్రం నుంచి చల్లగాలి వీస్తుంది. అందువల్ల మధ్యాహ్నానికి అలలు పెరిగి, అడుగున ఉన్న మట్టి కదిలి నీరు మసకబారుతుంది. కనుక సముద్రంలోని స్నార్కెలింగ్ ఉదయం ముగించి, తరువాత కోట చూచి, ఎండ తగ్గాక నదిలో కయాక్ నడపడం మంచిది. వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక ఏటా మే చివరి వారం నుంచి ఆగస్టు నెలాఖరు వరకు ఈ విహారాలు నిలిచిపోతాయి.

స్నార్కెలింగ్

ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకొని, నీటిపై బోర్లా తేలుతూ అడుగున ఉన్న చేపలను, పగడాలను చూడడమే స్నార్కెలింగ్. అద్దంలో నుంచి చూచినపుడు వస్తువులు అసలుకంటే దగ్గరగా, దాదాపు మూడోవంతు పెద్దవిగా కనిపిస్తాయి. గొట్టం ఇంకా పొడవుగా ఉంటే మరింత లోతుకు పోవచ్చును కదా అని పిల్లలు అడుగుతారు. పోరాదు. వదలిన గాలి ఆ పొడవాటి గొట్టంలోనే నిలిచి మళ్లీ లోపలికి వస్తుంది. పైగా నీటి ఒత్తిడికి ఛాతీ విప్పారదు. గొట్టంలోకి నీరు చేరితే భయపడక బలంగా ఊదివేయాలి. ఈత వచ్చినవారైనా లైఫ్ జాకెట్ విప్పరాదు.

కయాక్

ఒకరిద్దరు కూర్చుని రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నని పడవ కయాక్. మాల్వణ్‌కు దక్షిణాన కర్లీ నది సముద్రంలో కలిసే ముందు నిదానంగా పారే చోటు దీనికి అనువైనది. అయితే నీరు తీసే వేళ ప్రవాహం సముద్రం వైపు లాగుతుంది. కనుక మొదట ప్రవాహానికి ఎదురుగా వెళ్లాలి. అలసిన తరువాత తిరుగు ప్రయాణంలో ప్రవాహమే తోడ్పడుతుంది. కయాక్ తిరగబడితే ఒడ్డుకు ఈదబోక, తేలియాడే ఆ పడవనే పట్టుకొని ఉండాలి.

పగడాలపై అడుగు పెట్టరాదు

కోట చుట్టూ ఉన్న జలాలు 1987లో ప్రకటించిన మాల్వణ్ సముద్ర అభయారణ్యంలోనివి. పగడాలు రాళ్లవలె కనిపించినా జీవులే. చాలా నిదానంగా పెరిగే ఆ కొమ్మలు ఒక్క కాలి తాకిడికి విరుగుతాయి. చేపలను దగ్గరకు రప్పించేందుకు రొట్టెముక్కలు, బిస్కెట్లు వేయడమూ తగదు. పగడాలపై పేరుకొనే నాచును తిని వాటిని కాపాడే చేపలకు అది అలవాటు చేయరాని తిండి.

పడవ ఎక్కేముందు కుటుంబ పెద్దలు మూడు సంగతులు చూడాలి: పిల్లలతో సహా అందరికీ సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నవా, పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం లేదా, తీరానికి తిరిగివచ్చే వేళ నిర్ణయమైనదా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పడవను వదలి మరొక దానికోసం వేచి ఉండడమే మేలు. అరగంట ఆలస్యమైనంత మాత్రాన కోట ఎక్కడికీ పోదు.