కామాఠీపురా నుంచి పాలమూరు దాకా: పాలు ఎవరిది, పూచీ ఎవరిది?



ముంబైలో కామాఠీపురా పేరు చెబితే చాలామందికి వేరే సంగతులు గుర్తుకొస్తాయి. నిజానికి ఆ పేరు మన కూలీలది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు పల్లెలు విడిచి వచ్చి, ఆ నగరపు కట్టడాలకు రాయీ మట్టీ మోసిన తెలుగువారిని అక్కడ కామాఠీలు అన్నారు. తరువాతి కాలంలో మిల్లు పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు వర్లీ వైపు చాళ్లలో చేరాయి.

ఈనాటి విషయం గ్రామాభివృద్ధిలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. దానికీ చాళ్లకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. కృష్ణమ్మ పక్కనుంచే పారుతున్నా పాలమూరు పొలాలు ఎండాయి కనుకనే అక్కడి మనిషి బొంబాయి బస్సెక్కాడు. మనిషి చాలులో, ముసలి తల్లిదండ్రులు ఊళ్లో. పల్లెలో ఏ సౌకర్యం వచ్చినా, వచ్చినది నిలవకపోయినా, ఆ కబురు ముందుగా చేరేది ఈ ఖోలీలకే.

భాగస్వామ్యం అంటే మనకు కొత్త కాదు. పొలం పాలుకు ఇవ్వడం ఎరిగినవాళ్లమే. భూమి ఒకరిది, కష్టం ఒకరిది. విత్తనం ఎవరు పెట్టాలి, పంటలో ఎవరికెంత అన్నది ముందే మాట్లాడుకుంటాం. వాన పడకపోతే నష్టం ఎవరిదన్న మాట మాత్రం తరచు నోట్లోనే ఉండిపోతుంది. తగాదాలు వచ్చేదీ అక్కడే. సర్కారు ఒప్పందాలూ ఇంతే.

108 వాహనాన్నే చూడండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైంది. నిర్వహణ ఇ.ఎం.ఆర్.ఐ. అనే సంస్థది. దానిని నెలకొల్పినవారు సత్యం కంప్యూటర్స్ అధినేతలు. క్రమంగా సేవ పల్లెలకు పాకింది. కాన్పు నొప్పులకు ఎడ్లబండి కట్టిన ఊళ్లలో ఫోను చేస్తే, పైసా అడగకుండా, వైద్య సహాయకుడితో సహా బండి గుమ్మం ముందుకు వచ్చింది.

2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడింది. భాగస్వామి కూలిపోయాడు. మరి బండ్లు ఆగాయా? ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వమే భరిస్తోంది. నిర్వహణను జి.వి.కె. సంస్థ అందుకుంది. విత్తనం ఖర్చు దాత దయ మీద కాక ఖజానా పద్దులో ఉండబట్టి పైరు నిలిచింది. దాతృత్వం మంచిదే, కాదనను. కాని దాత పేరు గోడకెక్కి, మరమ్మతు ఖర్చు ఎవరి పద్దులోనూ లేని పథకాన్ని నేను నమ్మను.

ఇక చాళ్ల సంగతి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు కట్టిన బి.డి.డి. చాళ్లు మొత్తం 207. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. వర్లీలో నేల ప్రభుత్వానిది, బాధ్యత మ్హాడాది, కట్టేది ప్రైవేటు కంపెనీలు. అదనంగా కట్టిన ఇళ్లను బజారులో అమ్మి ఖర్చు రాబట్టుకోవాలి. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్లు ఉచితంగా అందాయి. కామాఠీపురాలో చిక్కు ఎక్కువ. అక్కడ నేల అనేకమంది యజమానులది, పాత కిరాయిదార్లు వేలమంది. దాని పునర్నిర్మాణానికీ 2025లోనే మ్హాడా టెండరు పిలిచింది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఇల్లు దక్కేది జాబితాలో అర్హుడిగా పేరున్న కిరాయిదారుకు. అదే ఖోలీలో పడక చోటుకు నెలనెలా డబ్బు కట్టి, ఖానావళిలో తిని, మిగిలినది ఊరికి పంపే కూలీకి ఏ కాగితమూ ఉండదు. పల్లెలో పథకం వచ్చినప్పుడు పట్టా లేని కౌలుదారుదీ ఇదే గతి.

కనుక మీ ఊరికి ఏ సంస్థ వచ్చినా గ్రామసభలో ఒప్పందం ప్రతి అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కంపెనీ వెళ్లిపోతే నడిపేదెవరు, మోటారు కాలితే బాగుచేయించేదెవరు అన్న పేజీ ముందు చదవండి. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లవాడి చేత చదివించుకోండి. ముంబైలో ఉన్న మీవాడికి కూడా ఫోనులో వినిపించండి. ఆ ఊరి జాబితాలో అతని పేరు ఉందో లేదో అతనికీ తెలియాలి కదా.