పరుగెత్తని పరుగు

ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థికి తొలి తరగతులలోనే పరిచయమయ్యే క్రియలలో ‘రన్’ ఒకటి. దాని అర్థం ‘పరుగెత్తుట’ అని వాడు వల్లె వేస్తాడు. కుక్క పరుగెత్తినంత కాలం, పిల్లవాడు బడికి పరుగెత్తినంత కాలం ఏ చిక్కూ లేదు. పై తరగతికి వచ్చిన తరువాత ఒకనాడు ‘హర్ నోస్ ఈజ్ రన్నింగ్’ అన్న వాక్యాన్ని తెలుగు చేయవలసి వస్తుంది. ‘ఆమె ముక్కు పరుగెత్తుచున్నది’ అని వ్రాస్తాడు. తరగతి అంతా గొల్లుమంటుంది. నవ్వదగిన విషయమే, కాని నవ్వి ఊరుకోదగినది మాత్రం కాదు. ఒక మాటకు ఒక అర్థమని నేర్పినవారు నేర్పినట్లే ఆ కుర్రవాడు వ్రాశాడు. మార్కులు పోయినది వానికి, తప్పు పద్ధతిది.

ఆ చిన్న మాట చేసే పనులు ఇన్నీ అన్నీ కావు. అది నదికి చేరితే పారుతుంది, యంత్రానికి చేరితే నడుస్తుంది. రెండు ఊళ్ళ నడుమ బస్సు తిరుగుతుంది, నాటకం నూరు రోజులు ఆడుతుంది, ఉతికిన చీర రంగు దిగుతుంది. ఒకాయన పాఠశాలను నడుపుతాడు. మరొకరి ఇంట సంగీతం తాతల నాటినుండి వంశంలోనే వస్తున్నది. ఇన్నింటికీ ఇంగ్లీషువాడు ఆ ఒక్క క్రియతోనే సరిపెట్టుకుంటాడు. ఎన్నికలలో అభ్యర్థిగా దిగిన అమెరికా దేశస్థుడు ‘రన్’ చేస్తాడు. ఇంగ్లండులో అదే పని చేసేవాడు ‘స్టాండ్’ చేస్తాడు. ఒక దేశంలో పరుగు, మరొక దేశంలో నిలుపు! తెలుగువాడు ‘ఎన్నికలలో నిలబడ్డాడు’ అంటాడు గనుక ఈ ఒక్క విషయంలో ఇంగ్లండు పక్షమే వహించాడనుకోవాలి.

క్రియ ప్రక్కన ఒక చిన్న అవ్యయం వచ్చి నిలిచిందా, వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. ‘రన్ అవుట్’ అంటే సరుకు నిండుకున్నదని. క్రికెట్ మైదానంలో అయితే ఆటగాడు అవుటయినాడని. ‘రన్ ఇంటూ’ అంటే పాత మిత్రుడు దారిలో తారసపడ్డాడని కావచ్చు. ‘రన్ ఓవర్’ అయితే మనిషి బండిక్రింద పడ్డాడు! ‘ఇంటూ’కూ ‘ఓవర్’కూ గల భేదం తెలియక ఉత్తరం వ్రాసినవాడు తన మిత్రుని కుటుంబానికి ఎంత దిగులు కలిగించగలడో ఊహించుకోవచ్చు.

ఈ చిన్న క్రియలు మహాపండితులను కూడా బాధించినవే. డాక్టర్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువును ప్రకటిస్తూ, పీఠికలో కొన్ని క్రియలను పేరుపేరునా ఎత్తి చూపాడు. వాటి అర్థాలు ఎంతో వదులైనవనీ, ఆ చిక్కుదారులలో వాటిని వెంబడించటం దుష్కరమనీ మొరపెట్టుకున్నాడు. ఆ పట్టికలో ‘రన్’ ఉన్నది. అపురూపమైన పదాలు నిఘంటుకర్తను అంతగా ఏడిపించవు. ఇంటింటా వాడే మాటలే ఏడిపిస్తాయి. 1857లో సంకల్పించబడి, 1884లో తొలి సంచిక వెలువడి, 1928 నాటికి గాని పూర్తికాని ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు అనుభవమూ ఇదే. దాని 1989 నాటి రెండవ ముద్రణలో అన్నిటికంటె పొడవైన ఆరోపం ‘సెట్’ అనే మాటది. అర్థచ్ఛాయలు 430కి పైబడినవి. తరువాత మూడవ ముద్రణకై సంస్కరణ సాగుతుండగా ‘రన్’ దానిని దాటిపోయింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాటతో తొమ్మిది నెలలు కుస్తీ పట్టి, క్రియారూపానికే 645 అర్థచ్ఛాయలు తేల్చాడు. 2011లో ఈ వార్త పత్రికలకెక్కింది. ఆవిరియంత్రం, రైలు, మోటారు, ఇటీవల కంప్యూటరు ప్రోగ్రాము: ఇవన్నీ ‘రన్’ అయ్యేవే కదా! యంత్రయుగం పెరిగినకొద్దీ ఆ మాట కూడా పెరిగింది.

ఇంతకూ ఆ ముక్కు మాట మిగిలిపోయింది. ద్రవం కారుటకూ కాళ్ళతో పరుగెత్తుటకూ పొత్తు ఎట్లా కుదిరింది? ‘రన్’కు మూలమైన ప్రాచీనాంగ్ల రూపం ‘రిన్నన్’. దానికి పరుగెత్తుట, ప్రవహించుట అనే రెండు అర్థాలూ ఆనాడే ఉన్నవి. దాని చుట్టమైన జర్మన్ భాషలో ఆ రెండూ వేరుపడి కాపురం పెట్టినవి: ‘రిన్నెన్’ అంటే నీరు పారుట, ‘రెన్నెన్’ అంటే మనిషి పరుగెత్తుట. కనుక ముక్కు విషయంలో ఆ మాట నిన్న మొన్న తెచ్చిపెట్టుకున్న చమత్కారం కాదు. పాత ఆస్తిలో ఒక భాగమే.

ఇది వింతగా తోచేవారు తమ భాషవైపే ఒకసారి చూచుకోవచ్చు. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. నీటికీ దొంగకూ ఒకే ధాతువు! ప్రాచీన కావ్యభాషలో ‘పాఱు’ అంటే ప్రవహించుటే గాక పరుగెత్తుట కూడాను. నేడు ఆ రెండవ అర్థం ‘పారిపోవు’లో తలదాచుకున్నది. సంస్కృతంలోని ‘ద్రు’ ధాతువు సంగతీ అంతే. పరుగెత్తుట దాని అర్థం. దానినుండియే ‘ద్రవము’ పుట్టింది. మీదికి పరుగెత్తుకొని వచ్చేది ‘ఉపద్రవము’. వరదను ఉపద్రవమన్నప్పుడు ఆ రెండు అర్థాలూ ఒకచోట కలుసుకున్నట్లే. నవ్వులపాలైన ఆ విద్యార్థికి ‘కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు’ అన్న రెండు వాక్యాలు ముందుగా చెప్పి ఉంటే, మూడవ వాక్యాన్ని వాడే సరిగా వ్రాసి ఉండేవాడు.

నానార్థాల సంగతి ఇట్లా ఉండగా, పర్యాయపదాలది వేరొక తగవు. ఇంగ్లీషులో వాటికి పెట్టనికోట పీటర్ మార్క్ రోజెట్ సంధానించిన ‘థెసారస్’. వృత్తిచేత వైద్యుడైన రోజెట్ 1852లో, తన 73వ యేట, దానిని ప్రకటించాడు. పదాలను అకారాదిగా గాక భావాలనుబట్టి ఆరు వర్గాలుగా కూర్చాడు. ఈ పద్ధతి అమరకోశం చదివిన ఇంట పుట్టినవారికి కొత్తది కాదు. 1808లో కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అర్థాలతో సీరాంపూరులో అచ్చువేయించిన అమరకోశాన్ని రోజెట్ తన పీఠిక అధోజ్ఞాపికలో పేర్కొన్నాడు కూడా. అందలి వర్గీకరణ ఆయనకు అంతగా నచ్చలేదు. అది ఆయన ఇష్టం. అమరసింహుడు మాత్రం పర్యాయపదాలతో ఆగక, మూడవ కాండలో నానార్థ వర్గాన్ని విడిగా నిలిపాడు. ఒక వస్తువుకు పలు పేర్లుండటం వేరు, ఒక పేరుకు పలు వస్తువులుండటం వేరు అని ఆయన ఎరుగును.

చిక్కల్లా పట్టికను కంఠస్థం చేయించటంలో ఉన్నది. ‘రన్’కు పర్యాయపదాలుగా స్ప్రింట్, జాగ్, బోల్ట్, ఫ్లీ, స్కాంపర్, గ్యాలప్ అని వరుసగా అప్పగించిన విద్యార్థి, పరీక్షలో ‘ప్రధానోపాధ్యాయులు సభామందిరానికి స్కాంపర్ చేసిరి’ అని వ్రాస్తే ఎవరేమనగలరు? ఎలుకపిల్లలూ చంటిపిల్లలూ చేసే పని అది. స్ప్రింట్ కొద్ది దూరానికి ఉన్న బలమంతా వెచ్చించే పరుగు. జాగ్ ఆరోగ్యం కోసం తీరికగా తీసేది. గ్యాలప్ గుర్రానిది. బెదరి ఒక్క ఉదుటున దూసుకుపోతే బోల్ట్. ఆపదనుండి తప్పించుకొనిపోతే ఫ్లీ.

తెలుగు తెలిసినవానికి ఈ తారతమ్యాలు బోధపరచటం కష్టమేమీ కాదు. ఎవరు పరుగెత్తారు, దేనికి పరుగెత్తారు అని అడిగితే చాలు, వాని నోటనే మాటలు వస్తాయి. గుర్రం దౌడు తీసింది. ఆవు అంబా అనగానే లేగదూడ చెంగుచెంగున ఉరికింది. సైన్యం పలాయనం చిత్తగించింది. సొమ్ముతో గుమాస్తా ఉడాయించాడు. అప్పులవాడు వీధి మొగను కనబడగానే బాకీదారు పరుగెత్తనే లేదు. పెరటి తలుపు తీసుకొని మెల్లగా జారుకున్నాడు.